బండ అని పిలిస్తే

నన్ను మొదటిసారి బండ అని పిలిచింది మా మేనమామ. అప్పుడు నాకు ఆరేళ్లుంటాయేమో. మాది బూర్గంపాడు దగ్గర ఒక పల్లె. మా తాతలు కోస్తా నుంచి వచ్చి ఇక్కడ మిరప, పొగాకు వేసి స్థిరపడ్డారు. మామయ్య కూసుమంచి నుంచి బస్సులు మారి మమ్మల్ని చూడడానికి వచ్చేవాడు. గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తూనే, “ఏదమ్మా నా బండది?” అని కేక వేసేవాడు. నేను ఎక్కడున్నా పరిగెత్తుకొచ్చేదాన్ని. నన్ను ఎత్తబోయి, నడుము పట్టేసినట్టు మూలిగి, అందరూ నవ్వాక మళ్లీ ఎత్తి భుజం మీద కూర్చోబెట్టుకునేవాడు. ఆయన పోయి పదేళ్లు దాటింది. చివరిసారి ఖమ్మం దవాఖానాలో చూసినప్పుడు కూడా అదే మాటతో పిలిచాడు. ఆయన మీద నాకు ఏ కోపమూ లేదు. ఆయన నోట్లో ఆ మాట ముద్దుగానే ఉండేది.

కానీ అది మా ఇంట్లోనే ఉండిపోలేదు. మామయ్య పిలుస్తుంటే విన్న పక్కింటి పిల్లలు దాన్ని బడికి తీసుకెళ్లారు. నెల తిరగకుండానే అక్కడ నాకు వేరే పేరు లేకుండా పోయింది.

బండ అంటే రాయి. బట్టలు ఉతికే బండ, ఇంట్లో నేల మీద పరిచే బండలు, వంటింట్లో గ్యాస్ బండ. లావుగా ఉన్న మగపిల్లాడు బండోడు, ఆడపిల్ల బండది. మా వైపు దీన్ని తిట్టు కింద ఎవరూ లెక్క వేయరు. ఏ పిల్లయినా ఏడిస్తే, “ఉత్తగనే అన్నరు, గంత మాత్రానికే ఏడుస్తరా?” అని ఓదారుస్తారు. ఆ మాటలో ఇంకో సంగతి ఉందని నాకు పెద్దయ్యే కొద్దీ తెలిసింది. బండకు నొప్పి ఉండదు. ఇక ఏడవకూడదు అనుకున్నప్పుడు గుండె బండ చేసుకున్నాం అంటాం. రోజంతా నడుము విరిగేలా చేసే పనిని బండచాకిరి అంటాం. ఎంత అన్నా దీనికేం కాదు అన్న నమ్మకం ఆ మాటలోనే ఉంది. మా పెద్దమ్మ ఒకసారి నా ముందే అంది, “దానికేమవుద్ది, బండ. ఎన్ని అన్నా దులుపుకుపోద్ది.” నేను నిజంగానే ఏమీ కానట్టు నిలబడ్డాను. అలా నిలబడడం నాకు అప్పటికే బాగా వచ్చేసింది.

ఎనిమిదో తరగతిలో ఉండగా స్కూల్లో అందరికీ కుట్టిన యూనిఫాంలు ఇచ్చారు. ఎవరినీ కొలవలేదు. తరగతిని బట్టి సైజు, అంతే. నా చొక్కా గుండీలు ఊపిరి బిగబట్టి పెట్టుకుంటే గానీ పడలేదు. మర్నాడు పొద్దున ప్రార్థనలో ప్రతిజ్ఞ చెప్పడానికి కుడిచేయి ముందుకు చాపాను. చంక దగ్గర పర్రున చిరిగింది. వెనక వరసలోంచి ఎవరో అరిచారు.

“బండ పగిలిందిరోయ్!”

వరసలన్నీ నవ్వాయి. ముందు నిలబడ్డ సారు నవ్వు ఆపుకోవడానికి తల పక్కకు తిప్పుకోవడం చూశాను. నేను చెయ్యి దించలేదు. దించితే చిరిగింది కనబడుతుందో, అలాగే ఉంచితే కనబడుతుందో తెలియక, ప్రతిజ్ఞ అయిపోయాక కూడా కాసేపు చాపే ఉంచాను.

సాయంత్రం అమ్మ చూసి ముందు కోప్పడింది. “కొత్తది గదే! ఇట్టా ఎట్టా చింపుకున్నావ్?” చొక్కా తిరగేసి, చిరిగిన చోట వేలు పెట్టి చూశాక తనకే అర్థమైంది. ఆ ఆదివారం నన్ను బూర్గంపాడులో బట్టలు కుట్టే ఒక అక్క దగ్గరికి తీసుకెళ్లింది.

ఆ అక్క తన ఇంటి వరండాలో మిషన్ పెట్టుకుని కుట్టేది. మేం వెళ్లేసరికి ఇద్దరు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. నా భయమంతా టేపు గురించే. నా చుట్టుకొలత వాళ్ల ముందు పైకి చదువుతుందేమోనని. ఆమె టేపు చుట్టింది, చూసింది, చెవి వెనక పెట్టుకున్న పెన్సిల్ తీసి పుస్తకంలో రాసుకుంది. అంతకుముందు కొలిపించుకున్న సన్నటి ఆమె కొలతలు ఎలా రాసుకుందో అలాగే. తర్వాత నా మోచేయి పట్టుకుని పైకి లేపింది.

“చెయ్యి ఎత్తు బిడ్డా. ఇంక ఎత్తు. బోర్డు మీద రాసేటప్పుడు గింతే ఎత్తుతవా?”

చొక్కాకు చంక కింద నుంచి నడుము దాకా రెండు పక్కలా గుడ్డ చేర్చి కుట్టింది. ఎక్కడా అతుకు వేసినట్టు తెలియలేదు. ఆ వారమంతా సారు పిలవకపోయినా నేనే లేచి బోర్డు దగ్గరికి వెళ్లి లెక్కలు చేశాను.

బడి అయిపోగానే ఆ వరండాకు వెళ్లి కూర్చోవడం అలా మొదలైంది. ముందు హుక్కులు కుట్టాను. తర్వాత కాజాలు. ఇంటర్ అయ్యేసరికి జాకెట్టు కత్తిరించడం వచ్చింది. అక్కడికి వచ్చే ఆడవాళ్లలో నన్ను బండ అన్నవాళ్లు లేకపోలేదు. కానీ వాళ్లు అన్నప్పుడల్లా అక్క మిషన్ ఆపి, తల ఎత్తకుండా, నన్ను పేరుతో పిలిచి ఏదో ఒకటి అందుకోమనేది. కత్తెర తన పక్కనే ఉన్నా కత్తెర ఇమ్మనేది.

నా పెళ్లికి ముందు మూడు సంబంధాలు వచ్చి వెళ్లిపోయాయి. ఒకావిడ మా ఇంట్లో టీ తాగుతూనే, “పిల్ల బాగానే ఉంది గానీ కాస్త బండగా ఉంది” అంది. నేను పక్క గదిలోనే ఉన్నాను. నాలుగోది పినపాక సంబంధం. పెళ్లికొడుకు ఎంత సన్నగా ఉన్నాడంటే చొక్కాను కొక్కేనికి తగిలించినట్టుంది. పెళ్లిలో ఫోటోలు తీసేవాడు మా ఇద్దరినీ పక్కపక్కన ఎలా నిలబెట్టాలో తెలియక తంటాలు పడుతుంటే వెనక నవ్వులు వినబడ్డాయి. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

పెళ్లయిన వారానికి, ఇద్దరం అన్నం ముందు కూర్చున్నప్పుడు ఆయన ఒక మాట చెప్పాడు.

“నన్ను చిన్నప్పటి సంది బక్కోడా అనే పిలిచిన్రు. కాలేజీకి పొయ్యేటప్పుడు ఎండాకాలంల గూడ రెండు షర్టులు ఏసుకొని పోయేటోణ్ణి. జర లావు కనబడాలని.”

నాకు నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. ఆ బాధ లావుగా ఉన్నవాళ్లది మాత్రమే అని అప్పటిదాకా అనుకున్నాను. ఆయన నవ్వలేదు. నా పళ్లెంలో ఇంకాస్త పప్పు వేశాడు.

పినపాకలో ఒక గది కిరాయికి తీసుకుని మిషన్ పెట్టాను. ఇన్నేళ్లుగా చూస్తున్నాను, టేపు తీయగానే ప్రతి ఆడమనిషీ ఏదో ఒక సంజాయిషీ చెబుతుంది. “కాన్పు అయినంక గిట్లయిన” అంటుంది ఒకామె. “థైరాయిడ్ ఉంది” అంటుంది ఇంకొకామె. “వచ్చే నెలకు తగ్గుత, కొంచెం బిగుతుగనే కుట్టు” అంటుంది మరొకామె. సన్నగా ఉన్నవాళ్లు కూడా చెబుతారు. నేను వింటాను, కొలత రాసుకుంటాను, పైకి చదవను.

మూడేళ్ల కిందట మా మహిళా సంఘానికి బడి పిల్లల యూనిఫాంలు కుట్టే పని వచ్చింది. స్కూళ్ల వాళ్లే పిల్లల కొలతలు తీసి లిస్టులు పంపారు. అడవి అంచున ఉన్న ఒక ఆడపిల్లల హాస్టల్ లిస్టు నా వాటాకు వచ్చింది. తొమ్మిదో తరగతి కాగితం క్లాసు లీడర్ రాసినట్టుంది. గుండ్రటి అక్షరాలు, స్కేలుతో గీసిన గళ్లు. పేరు, ఛాతీ, నడుము, పొడవు. చదువుకుంటూ కిందికి వస్తుంటే ఒక వరసలో, పేరు రాయాల్సిన చోట ‘బండ’ అని ఉంది. కొలతల గళ్లు ఖాళీ. పక్కన ‘పెద్ద సైజు’ అని మాత్రం రాసి ఉంది.

నాతో పాటు కుట్టే ఆమె నా ముఖం చూసి, “ఏందక్కా, గుడ్డ తక్కువ పడ్తదా?” అని అడిగింది. కాగితం చూపించాను. “పోరగాండ్లు గట్లనే రాస్తరక్కా. ఫోన్ చేసి కొలత అడుగు” అంది. ఫోన్ చేయొచ్చు. కానీ ఫోన్లో ఏమని అడగాలి? బండ కొలత ఎంత అనా? మర్నాడు పొద్దున టేపు, పుస్తకం సంచిలో వేసుకుని ఆటో ఎక్కాను.

హాస్టల్ వార్డెన్ కాగితం చూసి నొచ్చుకుంది. “నేను సూడనే లేదమ్మా, ఉన్నదున్నట్టు పంపిన” అని, లీడర్ పిల్లను పిలిపించింది. రెండు జడలు వేసుకున్న చిన్న పిల్ల వచ్చి నిలబడింది.

“ఇది నువ్వే రాసినవా?” అన్నాను.

“అవ్ మేడమ్.”

“ఆమెకు పేరు లేదా?”

“ఉంది మేడమ్. గానీ అందరం గట్లనే పిలుస్తం.” తప్పేమీ లేదని నాకు నచ్చజెబుతున్నట్టు అంది, “ఆమె గూడ పలుకుతది మేడమ్.”

నేను అరిచాను. ఏమన్నానో పూర్తిగా గుర్తు లేదు. ఆ పిల్ల ఏడ్చింది. వార్డెన్ నా భుజం మీద చెయ్యి వేసింది. అరిచాక నాకేమీ తేలిక కాలేదు. ఎప్పుడో ప్రతిజ్ఞ రోజున అనాల్సిన మాటలన్నీ తీసుకొచ్చి, ఏమీ తెలియని ఈ పిల్ల మీద పోశానని నాకే అర్థమైంది. వెళ్లి ముఖం కడుక్కోమని చెప్పి, నేను వెతుకుతున్న పిల్ల ఎక్కడుందని మెల్లగా అడిగాను.

గదుల వెనక, బట్టలు ఆరేసే తీగల దగ్గర మెట్ల మీద కూర్చుని ఉంది. వాళ్లది లోపల అడవిలో ఊరు. అమ్మానాన్న బీడీల తునికాకు కోస్తారు, మిరప కోతలకు కూలికి పోతారు. పిల్ల మంచి పొడగరి, లావుగా ఉంది. పోయినేటి యూనిఫాం మీద చున్నీని భుజాల దగ్గర, నడుము దగ్గర పిన్నీసులతో బిగించుకుంది. ఆ చున్నీ కింద కుట్లు విడిపోయి ఉంటాయని నాకు చూడకుండానే తెలుసు.

“నాకొద్దు మేడమ్” అంది, నా చేతిలో టేపు చూడగానే. “పోయినేడుది ఉంది.”

“కొలతలు తీసిన రోజు ఎందుకు రాలేదు?”

“అందరి ముంగట కొలుస్తరు. నంబరు గట్టిగ చదువుతరు.”

నేను మెట్టు మీద ఆమె పక్కన కూర్చున్నాను. టేపు ఆమె ఒళ్లో పెట్టాను.

“అయితే ముందు నువ్వు నన్ను కొలువు.”

“మిమ్మల్నా?”

“అవ్. ఎట్ల చుట్టాలో చెప్త. మెలిక పడకుండ చూసుకో.”

లేచి నిలబడి చేతులు పక్కకు చాపాను. ఆమె భయంభయంగా టేపు చుట్టింది. చదివి, గొంతులోనే గొణిగింది.

“ఎంత? వినబడలే.”

“నలభై నాలుగు మేడమ్.”

“రాయి. ఇప్పుడు నడుము.”

నడుము కొలిచింది, దండ చేయి కొలిచింది, ఆ నంబర్లన్నీ నా పుస్తకంలో రాసింది. రాస్తున్నంతసేపూ నా ముఖం వైపు చూస్తూనే ఉంది, ఎక్కడ సిగ్గుపడతానో అని. నాకు సిగ్గు లేకపోలేదు. నా కొలతలు నేను తప్ప ఇంకొకరు తీయడం చాలా ఏళ్ల తర్వాత అదే మొదటిసారి.

“మీకేం మేడమ్” అంది చివరికి. “మీకు పెండ్లయింది. దుకాణం ఉంది. మిమ్మల్ని ఎవరంటరు?”

“పొద్దున ఇక్కడికొచ్చిన ఆటోలనే అన్నరు. నేను ఎక్కితే ఇంక ముగ్గురి జాగ పోయిందన్నరు.”

“మీరేమన్నరు?”

“ఏమనలే.”

“నేను గూడ ఏమనను” అంది.

నలభై దాటిన నేనూ పద్నాలుగేళ్ల ఆ పిల్లా ఒకే చోట నిలబడి ఉన్నామని తెలిసి నాకు బాధ కలిగింది. కాసేపటికి ఆమె లేచి, చున్నీ పిన్నీసులు ఒక్కొక్కటే తీసి మెట్టు మీద పెట్టింది. నా ముందు నిలబడి చేతులు చాపింది. కొలిచాను, రాసుకున్నాను. పైన పేరు రాయడానికి అడిగితే చెప్పింది. వాళ్ల నానమ్మ పేరట. ఆ పేరు ఇక్కడ రాయను గానీ, పిలవడానికి చాలా బాగుంటుంది.

బట్టలు కుట్టాక నేనే తీసుకెళ్లి ఇచ్చాను. గదిలోకి వెళ్లి వేసుకుని వచ్చింది. చేతులు ఎత్తి చూసింది, వంగి చూసింది, కింద కూర్చుని లేచింది. తర్వాత అంచు తిరగేసి లోపలి కుట్లు పరీక్షగా చూసి, “గింత గుడ్డ లోపల ఎందుకు ఒదిలిన్రు మేడమ్?” అని అడిగింది.

“పెరిగే పిల్లవు గదా. వచ్చే ఏడు కుట్లు ఇప్పుకుంటే సరిపోతది.”

“పెరిగే పిల్లనా?” అంది, ఇంకెవరి గురించో చెప్పినట్టు. నేను మామూలుగా అన్న మాట. ప్రతి బడిపిల్ల బట్టల్లోనూ అలా వదులుతాం. కానీ తన ఒంటి గురించి ఆ మాట ఎవరూ అనలేదేమో, రెండుసార్లు నవ్వుకుంది.

ఆ తర్వాత అంతా మారిపోయిందని చెబితే అబద్ధం అవుతుంది. వార్డెన్ హాస్టల్లో ఎవరూ బండ అనకూడదని గట్టిగా చెప్పింది. వారం తిరగకుండానే పిల్లలు ‘సిలిండర్’ అనడం మొదలుపెట్టారు. దసరా సెలవులకు ఊరికి పోతూ ఆ పిల్ల నా దుకాణం దగ్గర ఆగి ఆ సంగతి తనే చెప్పింది. నాకు ఒళ్లు మండింది.

“మళ్లొస్త ఉండు, మీ వార్డెన్‌తోని మాట్లాడుత” అన్నాను.

“వద్దక్కా” అంది. అప్పటికి మేడమ్ పోయి అక్క వచ్చింది. “నేను పలుకుతలేను.”

“అంటే?”

“ఏమన్నా పిలవనీ, బండ అననీ సిలిండర్ అననీ, పలుకుతలేను. తల గూడ తిప్పుత లేను. నా పేరు పిలిస్తేనే పలుకుత.”

ఆ హాస్టల్లో సాయంత్రం చదువుల గంటలో లెక్కలు చెప్పగలిగేది ఆ పిల్ల ఒక్కతేనట. “ఏయ్ బండా, ఈ లెక్క చెప్పవే” అని పక్కన కూర్చుని అడిగినా పుస్తకంలోంచి తల ఎత్తలేదట. రెండు రోజులు అందరూ దాన్ని ఆటగా తీసుకున్నారు. చెవుడొచ్చిందని నవ్వారు. మూడో రోజు పరీక్ష దగ్గరికొచ్చింది. మొదట పేరు పెట్టి పిలిచింది ఆ లీడర్ పిల్లే. పిలిచాక ఇద్దరికీ నవ్వొచ్చిందట, అంత కొత్తగా ఉందట ఆ పేరు. ఆ రోజు ఆరు లెక్కలు చెప్పానని లెక్కపెట్టి చెప్పింది నాతో.

ఆమె ఊరి జీపు ఎక్కి వెళ్లిపోయాక నేను చాలాసేపు మిషన్ తొక్కలేదు. ఆమె కోపం తెచ్చుకోలేదు, ఏడవలేదు, ఎవరికీ ఫిర్యాదు చేయలేదు. తనది కాని పేరుకు పలకడం మానేసింది, అంతే. నాకు నలభై ఏళ్లలో అది తట్టలేదు. ఎవరు ఎలా పిలిచినా పలకడమే మర్యాద అనుకుంటూ వచ్చాను.

ఆ చలికాలం ఖమ్మంలో మా బంధువుల పెళ్లికి వెళ్లాం. భోజనాల దగ్గర మా వదిన వరస ఒకామె దూరం నుంచి, “ఏమే బండా, ఇటు రా!” అని పిలిచింది. పక్కన కూర్చున్నవాళ్లు నన్నే చూశారు. నేను విస్తట్లో అన్నం కలుపుకుంటూనే ఉన్నాను. మళ్లీ పిలిచింది. మావారు నా వైపు చూసి, ఆయనా తల వంచుకుని తినడం మొదలుపెట్టాడు. మూడోసారి ఆమె లేచి మా దగ్గరికే వచ్చింది.

“పిలుస్తుంటే వినబడట్లేదా?”

“నన్నా వదినా? నా పేరు వినబడలేదే” అన్నాను.

ఆమె ఒక్క క్షణం తెల్లబోయి చూసింది. నా పక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. “పెద్దదానివైపోయావే” అంది. ఆమె మనవరాలికి గౌను కుట్టాలట, అది అడగడానికి పిలిచిందట. మాట్లాడుకున్నాం. లేచి వెళ్లేటప్పుడు నన్ను పేరుతో పిలిచి, చెయ్యి కడుక్కోవడానికి నీళ్లు అటువైపు ఉన్నాయని చూపించింది. ఇంటికి వచ్చేదాకా బస్సులో ఏమీ తిననంత తేలిగ్గా అనిపించింది ఒళ్లు.

ఆ మాట మా వైపు ఇప్పటికీ ఉంది. సంతలో వింటాను, టీ కొట్ల దగ్గర వింటాను, దుకాణంలో తల్లులు కన్నపిల్లల్నే అంటుంటే వింటాను. అన్నప్పుడు నేను టేపు ఆపి, “పాప పేరేంది?” అని అడుగుతాను. పేరు చెబుతారు. ఆ పేరుతోనే పాపను దగ్గరికి పిలుస్తాను. కొందరు తల్లులకు అర్థమవుతుంది, కొందరికి కాదు.

ఆ పిల్ల పది పాసై భద్రాచలంలో ఇంటర్ చదువుతోంది, లెక్కల గ్రూపు. ఇప్పుడు రెండో ఏడు. మొన్న ఎండాకాలంలో వాళ్ల అక్క పెళ్లికి జాకెట్టు కుట్టించుకోవడానికి వచ్చింది. ఎర్ర అంచున్న పసుపుపచ్చ గుడ్డ తనే ఏరుకుని తెచ్చుకుంది. ఎప్పుడూ మణికట్టు దాకా చేతులున్న బట్టలే వేసుకునే పిల్ల. నేను అలవాటుగా పొడుగు చేతుల కొలత తీయబోతే ఆపింది.

“పొట్టి చేతులు పెట్టక్కా. ఎండకు చస్తున్న. పెండ్లిల ఆడాలె గూడ.”

పొట్టి చేతులే పెట్టాను. పెళ్లి రెండో రోజు ఫోన్‌కి ఫోటో పంపింది. వాళ్ల ఊళ్లో ఆడవాళ్లు ఒకరి నడుము ఒకరు పట్టుకుని వరసగా ఆడుతున్నారు. మధ్యలో ఈమె, నోరంతా తెరిచి నవ్వుతోంది, నుదుటి మీద చెమట. నేను ఫోటో పెద్దది చేసి ముందు కుట్టు చూశాను. కుడి భుజం దగ్గర చిన్న ముడత పడింది. వెంటనే ఫోన్ చేసి, ఇటొచ్చినప్పుడు తీసుకొస్తే సరిచేసి ఇస్తానన్నాను. వెనక డప్పులు మోగుతున్నాయి, సగం మాటలు వినబడడం లేదు.

“ఏం వద్దక్కా, మంచిగనే ఉంది” అని అరిచింది. “పొద్దున సంది ఆడుతనే ఉన్న, యాడ బిగుతు పట్టలే!”